చేవ్రాలును, అర్థమును

వ్రాయువాడొకడు, చేవ్రాలు చేయువాడు మఱియొకడు, ఫలము ననుభవించువాడా రెండవవాడు. వకీళ్లు, గుమాస్తాలు, దస్తావేజు లేఖరులు ప్రతిదినమును వ్రాయు కాగితములలో బెక్కింటి స్థితి యిదియే. కవి కఠినముగా వ్రాసినచో చదువరి పుస్తకమును మూసివేయవచ్చును. అందువలన వానికి వచ్చు నష్టమేమియు లేదు. దస్తావేజు కఠినముగా నున్నచో పొలము పోవచ్చును. కావున నిట్టి వ్రాతలలో భాష సులభముగా నుండవలయునా యను ప్రశ్న సొగసునకంటె న్యాయమునకే యెక్కువ సంబంధించినదని నా యభిప్రాయము.

ఒక రైతునకు బిడ్డ పెండ్లికై ధనము కావలసివచ్చిన దనుకొందము. ఋణదాత పొలమును తనఖా పెట్టుకొనుటకు మారుగా క్రయదస్తావేజు వ్రాయించుకొనును. అప్పు తీర్చిననాడు మరల వ్రాసియిచ్చెదనని నోటిమాటగానో, వేఱొక కాగితము మీదనో చెప్పును. రైతు దృష్టిలో నిది తాకట్టే. చట్టము దృష్టిలో నేమి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము షరతు క్రయమును తనఖాలలో నొకదానిగా నంగీకరించినది. కాని 1929లో చేరిన సవరణను బట్టి, ఆ షరతు క్రయదస్తావేజులోనే వ్రాయబడి యున్నగాని దానిని తనఖాగా నెంచరాదు. ఇక నోటిమాటను ఋజువు చేయుదమన్నచో, వ్రాతమూలకమైన యొడంబడికలోని షరతులను మార్చుటకు నోటిసాక్ష్యము చెల్లదను నియమ మడ్డువచ్చును. ఈ నియమము 1872 నాటి సాక్ష్యచట్టమున నుండెను. 2024లో దాని స్థానమునకు వచ్చిన చట్టమునను నున్నది. మోసము మొదలగువాని విషయమున మినహాయింపులు కలవు. కాని మోసమును కోర్టులో ఋజువు చేయువఱకు నా రైతు బ్రతికియుండవలెను గదా!

అనగా 'తనఖా', 'క్రయము' అను రెండు మాటల నడుమ నొక కుటుంబము జీవనాధారము వ్రేలాడుచున్నది. ఈ మాటలలో నేది వ్రాయబడినదో రైతునకు దెలియునా? మన పాత దస్తావేజు నొకదానిని విప్పిచూడుడు. ఆరంభమునుండి చివరివఱకు నొకటే వాక్యము. తండ్రి పేరు, కులము, గ్రామము, అక్కర, సొమ్ము ముట్టిన విధము, నాలుగు హద్దులు అన్నియు నొకదానిపై నొకటి పడి వచ్చుచుండును. అసలు జరిగిన పనిని దెలుపు క్రియ యెక్కడనో వానిక్రింద నడగియుండును. పిమ్మట నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షిణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను అష్టభోగములు తఱచుగా గానవచ్చును. రాజులు అగ్రహారము లిచ్చు కాలమున నీ మాటల కర్థముండెను. ఎకరము మెట్ట నమ్ముకొను వానికి 'అక్షిణి' యనగా నేమని యడిగినచో వాడు లేఖరి ముఖమును జూచును. లేఖరి యాకాశమును జూచును. ఇందొక వింత గలదు. భూమిలో దొరకిన నిధి విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరునకు దెలుపవలెనని 1878 నాటి నిధిచట్టము శాసించినది. అయినను మన లేఖరి మాత్రము నిధినిక్షేపములను నిశ్చింతగా నమ్మించుచు వచ్చెను.

ఈ దోషమంతయు బరభాషదని కొందఱందురు. అందు గొంత నిజము లేకపోలేదు. నిజాము రాజ్యమున 1948 వఱకును తెలుగు రైతు ఉర్దూ కాగితములను, సర్కారు జిల్లాలలో ఇంగ్లీషు తీర్పులను ఇతరులచేత జదివించుకొన వలసివచ్చెను. 1966లో ఆంధ్రప్రదేశమున అధికారభాషా చట్టము వచ్చి తెలుగునకు స్థానము గల్పించినది, సంతోషమే. కాని నేను బైన జెప్పిన దస్తావేజు తెలుగులోనే యున్నది! అదిగాక, మాట యేభాషనుండి వచ్చినదను దానికిని, అది తెలియుటకును సంబంధము మిక్కిలి తక్కువ. పహాణీ, జమాబందీ, తనఖా యివి మనవి కావు. అయినను అక్షరజ్ఞానము లేని కాపునకు సయితము కరతలామలకములు. భాషాశుద్ధికై 'తనఖా'ను దీసివేసి ధర్మశాస్త్రములలోని 'ఆధి'ని దెచ్చిపెట్టితిమా, మన యభిమానము తృప్తినొందును, రైతు మాత్ర మంధకారమున బడును.

న్యాయవాదులు చెప్పు సమాధానము దీనికంటె గట్టిది. చిరకాలము వాడుకలో నున్న పారిభాషిక పదములకు కోర్టులు అర్థమును నిర్ణయించి యున్నవి. వానిని విడిచి వాడుకమాటలు వ్రాసినచో క్రొత్త వ్యాజ్యములు పుట్టునని వారి భయము. పదముల మట్టుకు దీని నంగీకరింపవలసినదే. కాని పారిభాషిక పదము పది పంక్తుల వాక్యమును గోరదు. "ఈ పొలమును మీకు శాశ్వతముగా నమ్మితిని. మరల దీసికొను హక్కు నాకు లేదు" అని రెండు చిన్నవాక్యములు వ్రాసినచో నే న్యాయాధిపతి కర్థము గాకపోవును? అట్లు వ్రాసినచో రైతు చేవ్రాలు చేయకపోవచ్చును. కొందఱకు గఠినభాషపై గల ప్రీతికి మూలమిదియేమో యని నా యనుమానము.

ఘోషా స్త్రీ వ్రాసియిచ్చిన దస్తావేజు విషయమున, ఆమె దానిని నిజముగా దెలిసికొనియే వ్రాసియిచ్చెనని ఋజువు చేయవలసిన భారము దానివలన లాభము పొందువానిదేయని ప్రీవీ కౌన్సిలు పలుమాఱులు నిర్ణయించెను. చదువురాని వారికిని మన కోర్టులు ఈ రక్షణను గల్పించినవి. న్యాయస్థానములు ఇంత దూరము వచ్చినవి. లేఖరులు చేసినదేమి? "చదివి వినిపింపగా విని, గ్రహించి, సమ్మతించి" యను నొక వాక్యమును దస్తావేజు చివర జేర్చిరి. గ్రహింపనివాడు గ్రహించితినని వ్రేలిముద్ర వేయుచున్నాడు!

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము సబ్‌రిజిస్ట్రారు విచారింపవలసిన ముఖ్యాంశములు రెండు: వచ్చినవాడు ఫలానావాడే యగునా, దస్తావేజును వ్రాసియిచ్చినవాడు వాడేనా. అవునన్నచో పని ముగిసినది. దీనికి మఱియొక ప్రశ్నను జేర్పవలెనని నా కోరిక. కాగితమును వెల్లకితల బెట్టి, "ఇందేమి వ్రాసియున్నదో నీ మాటలలో జెప్పుము" అని యడుగవలెను. అమ్మినవాడు 'తాకట్టు పెట్టితినండి' అన్నచో ఆ దస్తావేజు నానాటికి వెనుకకు బోవలెను. రెండు మాఱులు వెనుకకు వచ్చిన పిమ్మట లేఖరి తనంతటతానే చిన్నవాక్యములు వ్రాయ నేర్చుకొనును.