కాయకము, వ్యాపకము, వేట



మనము చేయు పనికి ఏ పేరు పెట్టుకొందుమో, ఆ పేరే క్రమముగా ఆ పనికి హద్దులు గీయును. ఎంతవరకు చేయవలెను, ఎచ్చట నిలువవలెను, ఫలము ఎవరికి చెందవలెను అను ప్రశ్నలకు సమాధానము పేరులోనే దాగియుండును. పేరు తప్పినచో నడక తప్పును. ఈ సంగతి నాకు గ్రంథములవలన తెలిసినది కాదు. మా ఇంటిలో జరిగిన నష్టమువలన తెలిసినది. దానిని ముందు చెప్పెదను.

ఇటీవల మా మనుమడు పాఠశాలలో ఇచ్చిన అనువాదమును చేతబట్టుకొని వచ్చి, “తాతా, పర్‌స్యూట్ అనే మాటకు మూడు అర్థాలు రాసినారు. ఏది పెట్టాల?” అని అడిగినాడు. నిఘంటువు చూడగా నిజముగనే వృత్తి యనియు, వ్యాపకమనియు, వెంటాడుట యనియు ఉన్నది. 1776వ సంవత్సరపు అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో ప్రాణము, స్వేచ్ఛలతోపాటు మానవుని హక్కుగా పేర్కొనబడిన సుఖాన్వేషణలోని మాటయు ఇదియే. సుఖమును నిత్యకృత్యముగా సాధింపవలెనా, తీరికవేళ అనుభవింపవలెనా, లేక లేడిని తరిమినట్లు తరుమవలెనా? ఇంగ్లీషువారికి ఒక్క మాటతో సరిపోవును. తెలుగులో ఎంచుకొనక తప్పదు. ఆ ఎంపికయందే వివేకమునకు చోటున్నది.

మొదట మాటలను చూతము. వృత్తి యనగా బ్రతుకుతెరువు. ఉద్యోగమనగా పూర్వము ప్రయత్నము. భారతమున ఉద్యోగపర్వమనగా యుద్ధప్రయత్నముల పర్వమే గాని జీతపు కొలువుల పర్వము కాదు. నేడు నెలజీతము లేనిదానిని ఉద్యోగమని ఎవరును అనరు. వ్యవసాయమను మాట మరింత వింతయైనది. సంస్కృతమున దానికి దృఢనిశ్చయము, పూనిక అని అర్థము. హిందీవారు ఏ వృత్తికైనను ఆ పేరు వాడుదురు. తెలుగువారు సేద్యమునకే దానిని నిలిపినారు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు అనంతపురము మెట్టనేలపై, ఆ వానయు అదనునకు కురియునను నమ్మకము లేనిచోట, వేరుశెనగ విత్తువానికి పూనిక తప్ప వేరు ఆధారమేమున్నది? పేరు సార్థకమే.

ఇక వ్యాపకము. వ్యాపించునది వ్యాపకము. తీరికవేళ మనస్సునిండ పరచుకొని, దానిని ఊరక చెడిపోనీయని పని యని మన వాడుక. దీనిని చిన్నచూపు చూడరాదు. మన జిల్లాలోని తాడిపత్రిలో 1880వ సంవత్సరమున జన్మించిన బళ్ళారి రాఘవ వృత్తిచేత న్యాయవాది. ఆయనకు అన్నము పెట్టినది న్యాయస్థానము; ఆంధ్రదేశము ఆయనను తలచుకొనుచున్నది మాత్రము నాటకరంగము వలన. ఆయన మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును అట్లే వకీలు, నాటకకర్త. వ్యాపకమునకు కూలి లేదు. అయినను అది పదిమందికి ఆనందమును పంచినప్పుడు వృత్తికంటె ఎత్తున నిలుచును. కూలి వచ్చునా రాదా అనుదానినిబట్టి పని యొక్క విలువ కట్టరాదని ఇందువలన తెలియుచున్నది.

మూడవది వేట. నీతిశాస్త్రములు వేటను సప్తవ్యసనములలో చేర్చినవి. అయితే మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన కన్నప్ప వేటకాడే కదా! విల్లు ఒకటే, అడవి ఒకటే, అమ్ము తగిలిన మృగమొకటే. రాజు వేట వ్యసనమెట్లయినది, కన్నప్ప వేట పూజయెట్లయినది? రాజునకు మృగముతో పనిలేదు, తరుముటతోనే పని. ఒకటి పడగానే కన్ను రెండవదానిపై వ్రాలును. కన్నప్పకు ఆకలి యెంతయో వేట అంతయే. దొరికినదానిలో శ్రేష్ఠభాగము తనది కాదు, శివునిది. కావున భేదము క్రియలో లేదు. కొలతలోను, ఫలము చేరు చోటులోను ఉన్నది. మన సరిహద్దు గ్రామములలో రెండు భాషలు మాట్లాడు ఇండ్లవారికి మరియొక సంగతి తెలియును: తెలుగున వ్యసనమనగా విడువరాని చెడు అలవాటు, కన్నడమున అదే మాటకు దుఃఖమనియు అర్థము. తరుముట మొదటి అర్థమైనచో, మిగులునది రెండవ అర్థము.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు కాయకమను మాటను నిలిపినది ఈ భేదమును తెలుపుటకే యని నాకు తోచుచున్నది. కాయముతో చేయునది కాయకము. మన పల్లెలలో కాయకష్టమను మాట నేటికిని వాడుకలో ఉన్నది. అందలి కష్టమును ఓర్చి, ఫలమును దాసోహముగా ఇచ్చినప్పుడు అది కాయకమగును. కాని కష్టపడుట ఒక్కటే చాలదు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట తన కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చినాడు. దొంగిలింపలేదు, ఎవరిని పీడింపలేదు. మరింత శ్రమపడినాడు, అంతియే. అయినను భార్య లక్కమ్మ, ఈ ఆశ మనకు తగదు, మిగులు బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపినది. ఎక్కువ శ్రమపడుట ఎక్కువ కాయకము కాదని ఆ తల్లి గుర్తించినది. కొలత దాటినక్షణమున కాయకము పేరు మారును.

నులియ చందయ్య కథ దీనికి రెండవ ప్రక్క. త్రాళ్ళు పేనుటకు గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము నీటిలో జారిపడినది. ఆయన దానికై వెదుకక పనిలోనే నిలిచినాడు. లింగమే ఆయన వెంట వచ్చినదని శూన్యసంపాదన చెప్పుచున్నది. వెంటాడువాడు శరణుడు కాదు. కాయకమున నిలిచినవానిని వెదకుకొని వచ్చునది శివుడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అన్నగారు ఆరెకరముల పొలమున బోరు వేయించి, నీరు పడగా చీనీతోట పెట్టినారు. కొన్నేండ్లు తోట కళకళలాడినది. పిదప వరుసగా కరువు. బోరు ఎండినది. రెండవది నాలుగు వందల అడుగులు, మూడవది ఆరు వందలు, నాలుగవది అంతకు మించి. బండి వచ్చునప్పుడెల్ల టెంకాయ కొట్టుట, రాతిపొడి తెల్లగా లేచుట చూచుట, అప్పుపత్రము వ్రాయుట. నాలుగవదానికి ముందు ఆయన సందేహించినారు. “కాయకమును నడుమ విడువరాదు, శివుడే చూచుకొనును” అని ధైర్యము చెప్పినవాడను నేనే. ఆ బోరునుండి పొడి తప్ప తడి రాలేదు. వదినగారి కమ్మలు అందులో పోయినవి. అయిదవదానికి బేరము జరుగుచుండగా ఆమె వసారాలోనుండి, “ఇది సేద్యమా, వేటనా?” అని ఒక్క మాట అన్నారు. అన్నగారు బదులు చెప్పలేదు. బండి రాలేదు. తోటను కొట్టి కట్టెలకు అమ్మినారు. ఆ అప్పు తీరుటకు ఏడేండ్లు పట్టినది.

నేను చేసిన తప్పు బోరు వేయుమనుట కాదు. వేటకు కాయకమని పేరు పెట్టుట. పవిత్రమైన మాటను కప్పుగా కప్పి, నిలువవలసినవానిని నిలువనీయకుంటిని.

మన పెద్దలు నీటిని తరుమలేదు, నిలుపుకొన్నారు. విజయనగరకాలమునాటి బుక్కరాయసముద్రము చెరువును చూడుడు. ప్రతి చెరువునకును కట్టతోపాటు మరువ కలదు. ఇతర ప్రాంతములవారు దానిని అలుగు అందురు. నిండినపిదప మిగులునీరు మరువ దాటి దిగువ చెరువునకు పోవును. ఇంత చాలునని చెప్పు రాయి చెరువులోనే ఉన్నది. మిగిలినది పొరుగువానిదను న్యాయమును అందే ఉన్నది. కాయకమునకు కొలత, దాసోహమునకు దారి — రెండును ఆ మరువయే. బోరునకు మరువ లేదు. మన నేల అడుగున గట్టిరాతి పగుళ్ళలో మాత్రమే నీరు నిలుచును గనుక, ఒకని బోరు లోతుకు దిగినకొలది ప్రక్కవాని బోరు ఎండవచ్చును. 2002వ సంవత్సరమున వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము బోర్లకు కట్టుబాట్లు విధించినది ఇందుకే. అయినను ఆశకు కొలత చట్టము వేయజాలదు.

కడుపు నిండినవారు కరువురైతునకు హద్దులు బోధించుట సులభమని కొందరనవచ్చును. ఈ మాట న్యాయమైనదే. తోట కళ్ళయెదుట ఎండుచుండగా ఊరకుండుట ఎవని తరము? కాని లక్కమ్మ ఇంటిలో గాదెలు లేవని మరువరాదు. రాలిన గింజలతో బ్రతికిన ఇల్లది. కొలత ధనికుని అలంకారము కాదు, పేదవాని రక్షణ. అయితే నిలిచినవాడు కూలిపోకుండ పట్టుకొనుట ఒంటరి కుటుంబమువలన కాదు. అది మఠములపని, సమాజముపని. చెరువు పూడిక తీయించుట, బోరు మానుకొని కొర్ర, సజ్జ విత్తినవానికి విత్తనము, వడ్డీలేని చేబదులు అందించుట కూడ దాసోహమే. అన్నపంక్తికి మాత్రమే ఆ పేరు పరిమితము కారాదు.

మనుమనికి నేను ఏ ఒక్క మాటయు చెప్పలేదు. వాక్యమును చదువుమంటిని. చేయువానికి చాలునను మాట తెలియునా? ఫలము ఎవరి ఇంటికి చేరుచున్నది? ఈ రెండును చూచి మాట పెట్టుమంటిని. వాడు కొంతసేపు ఆలోచించి వ్రాసికొనిపోయినాడు. ఏ మాట వ్రాసినాడో నేను అడుగలేదు. ఆ రెండు ప్రశ్నలు నా అన్నగారితో నాడు అడిగియుండవలసినవి.