వదులు బిగింపు

ఒక వీధిలో ఇరవై ఇళ్లు. టీవీకీ, ఇంటర్నెట్‌కూ అందరికీ ఒకటే కేబుల్ లైను. వీధి మధ్యలో రిటైరైన లెక్కల మాస్టారి ఇల్లు. రోజూ పొద్దున ఏడింటికి విదేశంలో ఉన్న కొడుకు వీడియో కాల్ చేస్తాడు. కొన్నాళ్లుగా సరిగ్గా ఆ వేళకే "నాన్నా, మీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది" అంటున్నాడు. కొడుకు మాట మాత్రం ఇక్కడ శుభ్రంగా వినిపిస్తోంది.

మాస్టారు కొత్త మోడెమ్ కొన్నారు. లాభం లేకపోయింది. కేబుల్ వాళ్ల మీద కేకలేశారు. ఎదురింటి కుర్రాళ్లు సినిమాలు దించుకోవడం వల్లే ఇదంతా అని వాళ్లతో మాటలు మానేశారు. ఆ ఇంట్లోనూ అదే వేళకు పిల్ల ఆన్‌లైన్ క్లాసు తెగిపోతోందని ఆయనకు తెలియదు.

ఒకరోజు ఏడు కాకముందే లైన్‌మన్ మీటరుతో వచ్చాడు. స్తంభం దగ్గర ఒక్కో ఇంటి వైరూ విప్పి చూసి, మళ్లీ బిగిస్తూ పోయాడు. పదకొండో వైరు విప్పగానే మీటరులో రొద అణిగిపోయింది. అది మాస్టారి ఇల్లే. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది.

టీవీ వెనక, ఎప్పుడో మాస్టారు సొంతంగా వేసుకున్న స్ప్లిటర్. ఒక రంధ్రం ఖాళీగా తెరుచుకుని ఉంది. రెండోదాన్లో కనెక్టరు వేలు తగిలితే చాలు, గిర్రున తిరుగుతోంది. లోపలి రాగి తీగ చిలుమెక్కింది.

"అమ్మగారు పచ్చడి రుబ్బినప్పుడల్లా మోటారు రొద ఈ సందులోంచి వైరులోకి దూరుతోంది మాస్టారూ. మనకు వచ్చే సిగ్నల్ పై ఫ్రీక్వెన్సీల్లో వస్తుంది, దానికి పెద్దగా దెబ్బ తగల్లేదు. మన ఇంటి నుంచి వెళ్లేది కింది ఫ్రీక్వెన్సీల్లో పోతుంది. మోటార్ల రొద ఎక్కువగా ఉండేది అక్కడే. పైగా ఇరవై ఇళ్ల నుంచి వెళ్లేదంతా ఒకే తీగలో కలుస్తుంది. అందుకే మీ ఇంటి రొద అందరి నెత్తినా పడింది."

అతను కొత్త కనెక్టరు వేసి స్పానరుతో బిగించాడు. ఖాళీ రంధ్రానికి 75 ఓమ్‌ల టెర్మినేటర్ మూత పెట్టాడు. మర్నాడు మిక్సీ తిరుగుతుండగానే కొడుకు మాస్టారి మాట స్పష్టంగా విన్నాడు. ఆ సాయంత్రమే మాస్టారు ఎదురింటికి వెళ్లి, "తప్పు మా ఇంట్లోదే నాయనా" అన్నారు.

నీతి: చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకకూడదు. నలుగురూ పంచుకునే తీగలో ఒక ఇంటి వదులు వీధంతటికీ చేటు. నెట్ ఆగితే, ఎవరినైనా నిందించే ముందు మీ టీవీ వెనక ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.