దాచిపెట్టే తుపాకి

టెక్సస్‌లో తుపాకి కొనుక్కోవాలని అనుకున్న తర్వాత చాన్నాళ్ళు నా ధ్యాసంతా దాని సైజు మీదే. చిన్నగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, కుర్తీ కింద నడుముకి పెట్టుకుంటే ఉబ్బెత్తుగా కనపడకూడదు. పేల్చగలనా, ఎవరి మీద పేలుస్తాను, పేల్చాక ఎలా బతుకుతాను అన్న ప్రశ్నలు వెనక వరసలో నిలబడ్డాయి. ముందు రావాల్సినవి వెనక ఎందుకు నిలబడ్డాయో నాకు నేను చెప్పుకోవాలి. ఎవరూ నన్ను అడగలేదు, అడిగేంతగా ఎవరికీ తెలియదు కూడా.

భయం మాత్రం కల్పించుకున్నది కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతలో శ్రీనివాస్ కూచిభొట్లని బార్‌లో కాల్చి చంపిన తర్వాత, దుకాణాల్లో తెలుగు మాట్లాడుతుంటే నా గొంతు దానంతటదే తగ్గిపోయేది. 2023 మే 6న డాలస్ పక్కన అల్లెన్ ఔట్‌లెట్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని చంపేశాడు. వాళ్ళలో హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న అమ్మాయి ఉంది. మా అబ్బాయికి బూట్లు కొనేది ఆ మాల్‌లోనే. పైగా నాది ఆసుపత్రి ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున ఖాళీ పార్కింగులో తాళంచెవి వేళ్ళ మధ్య బిగించి పట్టుకుని కారు దాకా నడిచే ఆడవాళ్ళకి నా సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

భయం వెనక ఇంకొకటి ఉంది. దాన్ని ఒప్పుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. హెచ్-1బి మీద ఉన్నన్నాళ్ళు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఇక్కడి ఫెడరల్ చట్టం మనకి తుపాకి అమ్మనివ్వదు. గ్రీన్‌కార్డు వస్తే ఆ అడ్డు పోతుంది. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టరీత్యా నిషేధం లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. కొన్న రోజున ఫెడరల్ ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయ్యేదాకా కౌంటర్ దగ్గర నిలబడ్డాను. సరేనన్న జవాబు రాగానే నాలో పొంగిన సంతోషానికి రక్షణతో సంబంధం లేదు. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకున్న దేశం మొదటిసారి నన్ను నమ్మినట్టు అనిపించింది. ఆ నమ్మకాన్ని వస్తురూపంలో చేతిలో పట్టుకోవాలన్న కోరిక నాలో ఉంది. దానికి భయం అని పేరు పెట్టుకుంటే అందరికీ చెప్పుకోవడానికి బాగుంటుంది. గుర్తింపు అంటే ఎవరూ ఒప్పుకోరు.

అంతకుముందు నేను మొదట వెళ్ళిన దుకాణంలో కౌంటర్ మనిషి నన్నొకసారి ఎగాదిగా చూసి, నేనేమీ అడక్కుండానే ఐదు తూటాల రివాల్వర్ తీసి ముందు పెట్టాడు. స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ జె-ఫ్రేమ్ రకం, అల్యూమినియం ఒళ్ళు, బరువు నాలుగొందల గ్రాములు. ఆడవాళ్ళు దీన్నే ఎక్కువగా తీసుకుంటారని, స్లైడ్ లాగే పని లేదని, పర్సులో పడుతుందని చెప్పాడు. నేను అడగాలనుకున్నవే అతను చెప్పాడు కాబట్టి నాకు ఎంతో తెలివైన సలహాలా వినిపించింది.

అద్దె తుపాకులు ఇచ్చే రేంజ్‌లో దాన్ని కాల్చి చూశాక అసలు విషయం తెలిసింది. దాని ట్రిగ్గర్ నొక్కాలంటే ఐదు కిలోల పైచిలుకు బలం పెట్టాలి. బిగుసుకుపోయిన చేతిపంపుని ఒంటివేలితో కొట్టినట్టు ఉంటుంది. ట్రిగ్గర్ వెనక్కి వచ్చేలోపు తుపాకి ముక్కు గురి తప్పి పక్కకి జారుతుంది. పేలగానే అరచేతిని కొడుతుంది. ఇందులో మాయేమీ లేదు. అదే తూటా, అదే తోపుడు, ఆపడానికి ఇనుము తక్కువ. గొట్టం పొట్టిదైతే ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం తగ్గి, చేతిలోని చిన్న వణుకు లక్ష్యం దగ్గర పెద్ద తప్పవుతుంది. పిడి పొట్టిదైతే చిటికెన వేలికి చోటుండదు. తుపాకిని ఎంత దాచగలిగేలా చేస్తే అంత కాల్చలేనిదవుతుంది. దాన్ని బాగా వాడగలిగేవాళ్ళు ఏళ్ళ సాధన ఉన్నవాళ్ళు. కొనేదేమో నాలాంటి కొత్తవాళ్ళు, తేలిక కదా అని.

ఈ వ్యాపారం ఒక్క అమెరికాదే కాదు. 2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే .32 రివాల్వర్‌ని ఆడవాళ్ళ కోసమని తెచ్చింది. ఢిల్లీ నిర్భయ ఘటన జరిగి ఏడాది దాటింది, ఆ అమ్మాయికి దేశం పెట్టుకున్న పేరుకి దగ్గరగా దీనికి పేరు పెట్టారు. బరువు అర కిలో, ధర లక్షా ఇరవై వేల పైన. ఆ వార్త చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. వీధి దీపాలు, బస్సులు, పోలీసు స్టేషన్లు బాగుచేయాల్సినవాళ్ళు ఆడదాని చేతిలో ఖరీదైన ఇనుము పెట్టి, నీ ప్రాణం నువ్వే చూసుకో అంటున్నారని. అదే మాట టెక్సస్ కౌంటర్ మీద ఇంకో కంపెనీ పేరుతో వచ్చినప్పుడు, పరుగున వెళ్ళి కొనబోయింది ఆ కోపం తెచ్చుకున్న మనిషే. రెండూ నేనే.

రివాల్వర్ తర్వాత రూగర్ ఎల్‌సిపి చూశాను. 2008లో వచ్చింది, మూడొందల గ్రాములు కూడా ఉండదు, జేబులో పెట్టుకుంటే ఫోన్ అనుకుంటారు. సిగ్ పి365 చూశాను. 2018లో వచ్చిన ఈ అర కిలో పిస్టల్ పది తూటాలు పట్టి మార్కెట్ లెక్కలే మార్చేసింది. చివరికి గ్లాక్ 19 దగ్గర ఆగాను. 1988 నుంచీ ఉన్నది. పదిహేను తూటాలు, నాలుగంగుళాల గొట్టం, ఖాళీగా ఆరొందల గ్రాములు, నింపితే ఎనిమిదొందలు దాటుతుంది. కాంపాక్ట్ అనే పేరుతోనే అమ్ముతారుగానీ పైరెండింటి పక్కన పెడితే బండలా ఉంటుంది. నా చేతిలో మాత్రం అదే నిలకడగా ఉంది. లైసెన్సు అక్కర్లేకపోయినా రాష్ట్రం పెట్టే లైసెన్సు క్లాసుకి వెళ్ళి పరీక్ష రాశాను. మూడు, ఏడు, పదిహేను గజాల దూరాల నుంచి యాభై తూటాలు కాల్చాలి. గ్లాక్‌తో తేలిగ్గా గట్టెక్కాను. సాధనకి పి365తో కాల్చినప్పుడు పదిహేను గజాల దగ్గర నా తూటాలు కాగితమంతా చెదిరిపోయాయి.

కాలిబర్ గురించి కూడా బోలెడు చదివాను. 1986 మయామీ కాల్పుల్లో ఏజెంట్లని పోగొట్టుకున్నాక ఎఫ్‌బీఐ తూటాలని జెలటిన్ దిమ్మెల్లోకి పేల్చి పరీక్షించడం, పెద్ద తూటాలకి మారి చివరికి మళ్ళీ 9 ఎం.ఎం.కే రావడం, అన్నీ. ఆ వివరాల్లో తలదాచుకోవడం హాయిగా ఉండేది. తూటా పన్నెండంగుళాలు దిగాలి అని చదువుతున్నంతసేపూ అది దిగేది మనిషిలోకి అన్న మాట రాదు. రాత్రంతా రక్తపు ట్యూబులు చేత్తో పట్టుకునే ఉద్యోగం నాది. రక్తం అంటే ఏమిటో తెలిసినదాన్నే. అయినా ఆ మాట రానివ్వలేదు.

ఇక పెట్టుకోవడం ఎక్కడ? హోల్‌స్టర్ ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పాలి, ఒంటికి కదలకుండా అంటిపెట్టుకోవాలి, దానికి గట్టి బెల్టు కావాలి. ఈ ఏర్పాటంతా ప్యాంటూ బెల్టూ వేసుకునే మగవాడి నడుముని చూసి చేసింది. చుడీదార్ బొందుకి ఎనిమిదొందల గ్రాములు వేలాడవు. మిగిలేది పర్సు. 2014 డిసెంబర్ 30న ఐడహో రాష్ట్రం హేడెన్‌లోని వాల్‌మార్ట్‌లో రెండేళ్ళ పిల్లాడు అమ్మ పర్సులో చెయ్యిపెట్టి తుపాకి లాగాడు, అది పేలి ఆ తల్లి చనిపోయింది. ఆవిడ లైసెన్సు ఉన్న మనిషి, తుపాకులు తెలిసిన మనిషి. ఆ కథ చదివాక పర్సు మాట నేనెత్తలేదు. ఆసుపత్రిలోకి తుపాకి తీసుకెళ్ళకూడదు. తాళం వేసిన కార్లో వదిలి వెళ్ళడానికి టెక్సస్ చట్టం ఉద్యోగులకి వీలిస్తుంది, కానీ కార్లలోంచే తుపాకులు దొంగల చేతికి పోతుంటాయి. నాకు అన్నిటికన్నా భయం వేసే ఆ పార్కింగులోనే దొంగకి నేనే ఆయుధం సిద్ధంగా పెట్టినట్టు అవుతుంది.

అల్లెన్ గురించి అప్పుడు మళ్ళీ ఆలోచించాను, ఈసారి తప్పించుకోకుండా. ఆ హంతకుడి చేతిలో రైఫిల్ ఉంది. వేరే పని మీద అక్కడే ఉన్న పోలీసు అధికారి కార్లోంచి తన రైఫిల్ తీసుకుని, తుపాకి చప్పుడు వైపు పరిగెత్తి కొద్ది నిమిషాల్లో వాణ్ణి పడగొట్టాడు. ఒకచేత్తో పిల్లాణ్ణి పట్టుకుని, ఇంకో చేత్తో కుర్తీ పైకెత్తి, చెదిరిపోతున్న జనం మధ్య నేనేం చేసేదాన్ని? తుపాకి శిక్షణలో మొదట నేర్పే నాలుగు నియమాల్లో ఒకటి, లక్ష్యం ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకోకుండా కాల్చకూడదని. ఆ రోజు ప్రతి లక్ష్యం వెనకా ఒక కుటుంబం ఉంది. ఒలేతలో ఇయన్ గ్రిల్లట్ అనే ఆయన బల్ల కింద దాక్కుని తూటాలు లెక్కపెట్టాడు. అయిపోయాయనుకుని ఒట్టి చేతులతో హంతకుడి వెంటపడ్డాడు. లెక్క తప్పి, తనకి తూటా తగిలింది. ధైర్యం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. ఆ ధైర్యం నా నడుముకి కట్టుకుంటే వస్తుందని ఆశపడ్డానేమో.

బయటివాళ్ళ నుంచి ఏ ఆపదో అనుకుంటూ ఇంట్లోది లెక్కపెట్టలేదు. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల చనిపోయింది 48,830 మంది. అందులో 26,328 ఆత్మహత్యలు. 1993లో కెల్లర్‌మన్ బృందం చేసిన పరిశోధన, ఇంట్లో తుపాకి ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ప్రమాదం పెరుగుతుందనే తేల్చింది. ఈ అంకెలు చదివి నేను కొంతసేపు కదల్లేదు. నాన్న తెనాలిలో పోయినప్పుడు వీసా స్టాంపింగ్ చిక్కు వల్ల నేను వెళ్ళలేకపోయాను. ఆ చలికాలం నేనెలా గడిపానో మా ఆయనకి కొంత తెలుసు, నాకు పూర్తిగా తెలుసు. అప్పుడు ఇంట్లో తుపాకి లేదు. లేకపోవడం నా అదృష్టం. నా చేతికి ఏది అందుబాటులో ఉండొచ్చో నిర్ణయించేటప్పుడు, మంచి రోజుల్లోని నన్ను మాత్రమే అడిగితే ఎలా? ఉద్యోగాలు పోయి, అప్పులు మీదపడి, ఎవరితోనూ చెప్పుకోలేక లోపల్లోపల కుమిలిపోయే మనవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది లేరు? మనం దాని గురించి మాట్లాడం, తుపాకి గురించీ మాట్లాడం.

అందుకని నేను తేల్చుకున్నది ఇది. నేను వెంట పెట్టుకుని తిరగను. గ్లాక్ 19 ఇంట్లో ఉంది, గోడకి బిగించిన ఉక్కు పెట్టెలో, ఖాళీగా, తూటాలు వేరే తాళంలో. పెట్టె కోడ్ మా ఆయనకే తెలుసు. అర్ధరాత్రి దొంగ వస్తే అది నాకు పనికిరాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మరి ఎందుకు ఉంచుకున్నావంటే, కాల్చడం నాకు ఇష్టం. ఊపిరి నిలిపి, ముందు గురి మీద చూపు పెట్టి, మెల్లగా నొక్కే ఆ క్షణంలో నా తల నిశ్శబ్దమవుతుంది. రేంజ్‌కి వెళ్ళే రోజు ఆయన తీసిస్తాడు, తిరిగొచ్చాక పెట్టేస్తాడు. దీనికి రక్షణ అని పేరు పెట్టడం మానేశాను.

అమ్మ ఆరు నెలలకి వచ్చినప్పుడు అల్మారా సర్దుతూ "ఈ పెట్టెలో ఏవుందే?" అంది. కాగితాలన్నాను. రెండు వారాలు ఆ మాట మింగుడు పడక చివరికి చెప్పేశాను. కోప్పడలేదు. "పిల్లాడికి తెలుసా? వాడితో ఆడుకోడానికొచ్చే పిల్లల అమ్మానాన్నలకి తెలుసా?" అని అడిగింది. తెలియదు. బయటి మనుషులకి కనపడకూడదని మొదలుపెట్టినది, ఇంటికొచ్చే పిల్లల దాకా దాచుకుంటూ వచ్చాను. నింపిన తుపాకిని 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి చిక్కేలా నిర్లక్ష్యంగా వదిలేయడం టెక్సస్‌లో నేరం. నేను నేరం చేయలేదు. చేయకపోవడం ఒక్కటే చాలదని అమ్మ ప్రశ్నతో అర్థమైంది. మా అబ్బాయికి చెప్పాం. వాడి స్నేహితుల ఇళ్ళకి ఫోన్ చేసి, ఇంట్లో తుపాకి ఉంది, తాళంలో ఉంది అని చెప్పాను. ఇద్దరు తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. అది వాళ్ళ హక్కు. మిగతావాళ్ళలో ఒకావిడ కాసేపాగి, "మా ఇంట్లోనూ ఉంది వదినా" అంది.

మీ పిల్లల్ని ఎవరింటికైనా ఆటకి పంపేముందు, అలర్జీల గురించీ కుక్క గురించీ అడిగినట్టే, తుపాకి ఉందా, ఎక్కడ పెట్టారు, తాళం ఉందా అని అడగండి. మొహమాటపడకండి. మీ ఇంట్లో ఉంటే వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. మనసు బాగాలేని మనిషి ఇంట్లో ఉంటే దాన్ని కొన్నాళ్ళు ఇల్లు దాటించండి. అమెరికాలో ఉంటే 988కి ఫోన్ చేయండి, మాట్లాడేవాళ్ళు ఉంటారు.