గోడమీది పచ్చదనము

ఇంటిలోపలి గోడమీదనే మొక్కలు పెంచుట నేడు పట్టణములలో వేడుకయైనది. గోడకు దళసరి గుడ్డనో చిన్న తొట్లనో అమర్చి, పైనుండి గొట్టములద్వారా నీరు బొట్లుబొట్లుగా జారవిడుతురు. మనీప్లాంటువంటి నీడకోర్చు తీగెలు దానిమీద పాకును. చూచుటకు కన్నులపండుగయే. అయితే అది గదిలోని గాలిని శుభ్రపరచునని చెప్పి అమ్ముచున్నారు. ఆ మాట నిజమా?

1989లో అమెరికాలోని నాసా సంస్థ ప్రచురించిన పరిశోధనలో, మూసిన పెట్టెలలో మొక్కలనుంచగా బెంజీనువంటి విషవాయువులు తగ్గినవి. అది వాస్తవమే. కాని మన యిండ్లు మూసిన పెట్టెలు కావు; తలుపు సందులనుండియు గాలి వచ్చుచు పోవుచుండును. అట్టి పరిశోధనలు అనేకము పరిశీలించి, 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయమువారు ఒక లెక్క కట్టిరి. గాలి రాకపోకలు మామూలుగా చేయు పనిని మొక్కలే చేయవలెనన్న, చదరపు మీటరు నేలకు 10 మొదలు 1000 మొక్కలవరకు వలయునట! ఇక మనుష్యుడు కాలు పెట్టుటకు చోటెక్కడ? టొరంటోలోని గ్వెల్ఫ్-హంబర్ విశ్వవిద్యాలయ భవనములో నాలుగంతస్తుల పచ్చగోడ యున్నది. అక్కడ ఫ్యానులతో గాలిని వేళ్లగుండ లాగుదురు. వేళ్లనంటిన సూక్ష్మజీవులు మలినములను హరించును. ఊరక గోడకు వ్రేలాడు ఆకులకు ఆ ఘనత చెల్లదు.

పట్టణములో మొక్కల దుకాణము నడుపు మా సంఘ యువకుడొకడు, “అయ్యగారూ, ఆ మాట విని జనులు మొక్కలు పెంచుచున్నారు గదా, తప్పేమి?” అని నన్నడిగెను. తప్పేయని నా తలంపు. ఆ మాట నమ్మి, ఉబ్బసముగల బిడ్డ పండుకొను గదిలో కిటికీ మూసివేసిన తల్లికి ఎవరు జవాబు చెప్పుదురు? మొక్కకును అన్యాయమే. గాలికొరకే కొన్నవాడు, గాలి మారలేదని తెలిసిననాడు దానిని చూచుట మానును. గుడ్డనంటిన వేళ్లకు మంటి ఆధారము లేదు. కరెంటు పోయి నీటి పంపు నిలిచెనా, కుండీలోని మొక్కకంటె ముందే వాడిపోవును. యోనా సొరచెట్టునుబట్టి సంతోషించినది దాని నీడకే గాని, దానికొరకు అతడు కష్టపడినవాడు కాడు.

పచ్చని ఆకును చూచినప్పుడు అలసిన కన్నుకు కలుగు హాయి అబద్ధము కాదు. అంతమాత్రమే చెప్పి అమ్ముమంటిని. గోడకు చెమ్మ చేరునని, ఎండుటాకులు ఏరుచుండవలెనని, గాలికి కిటికీ తెరువవలసినదేనని కూడ చెప్పుమంటిని.

“అటులైన కొనువారు తగ్గుదురు గదా!” అనెను.

తగ్గవచ్చును. ఆ నష్టము భరించువాడు అతడేగాని నేను కాను. అది యెరిగియే చెప్పితిని.