అసలు ఎక్కణ్ణించి?

తెలుగునేల మీద ముస్లింకి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. 'మీదే ఊరు?' అన్నది మొదటి ప్రశ్న, దానితో ఇబ్బంది లేదు. ఖమ్మం అనో, ఇల్లెందు అనో, పాల్వంచ అనో చెప్పేస్తాం. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్నతోనే. 'అది సరేగానీ, అసలు ఎక్కణ్ణించి వచ్చారు?' ఈ 'అసలు' అనే మాట అరబ్బీ. అస్ల్ అంటే వేరు, మూలం. ఆ మాట తెలుగులోకి ఏ దారిన వచ్చిందో, ఎప్పుడు తిరిగి పోతుందో ఎవరూ అడగరు. రైతు, కౌలు, వకీలు, జిల్లా, తాలూకా అన్నీ అలా వచ్చి కూర్చున్న మాటలే. మాటలకు లేని చిక్కు మనుషులకొచ్చింది. అరబ్బీ మాట పట్టుకుని నా పుట్టుక ఆరా తీస్తున్నానని అడిగేవాడికి తెలీదు పాపం. కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే.

మా ప్రశ్న గురించి మేం చాలానే రాశాం, ఇంకా రాస్తాం. మా జిల్లాలోనే ఈ ప్రశ్న మాకంటే గట్టిగా తగులుతున్నవాళ్లున్నారు. వాళ్లకు ప్రశ్న వెనకాలే జేసీబీ కూడా వస్తుంది. భద్రాచలం అడవుల్లో, చర్ల, దుమ్ముగూడెం, చంద్రుగొండ వైపు పాకలేసుకుని బతుకుతున్న గుత్తికోయలు వాళ్లు. 2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. ఒకపక్క మావోయిస్టులు, ఒకపక్క ప్రభుత్వం తుపాకులిచ్చిన కుర్రాళ్లు. ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. క్యాంపులకు పోలేనివాళ్లు, పోనివాళ్లు, అడవి దాటి ఇటు వచ్చారు. ఆ ఆదివాసీ కుర్రాళ్లని స్పెషల్ పోలీసులుగా పెట్టుకుని ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో చెప్పింది. అప్పటికి ఇటు వచ్చినవాళ్ల పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారు.

'గుత్తికోయ' వాళ్లు పెట్టుకున్న పేరు కాదు, ఇవతలివాళ్లు పెట్టింది. అవతల వాళ్లలో ఎక్కువమంది మురియాలు. టర్కీ మొహం ఎన్నడూ చూడని దూదేకుల మనిషిని కూడా 'తురక' అన్న భాష మనది, కాబట్టి ఇందులో వింతేం లేదు. పేరు పెట్టడం ఇంటివాడి హక్కనీ, పలకడం వచ్చినవాడి పననీ ఎవరో ఎప్పుడో తేల్చేశారు.

ఇంతకీ వాళ్లు నిజంగా పరాయివాళ్లా? ఇక్కడి కోయలూ, అవతలివాళ్లూ మాట్లాడేవి గోండీ కుదురు మాటలే. మధ్యలో ఉన్నది రాష్ట్రాల సరిహద్దు. ఈ సరిహద్దుల సంగతి మా వైపు జనానికి చెప్పక్కర్లేదు. భద్రాచలం ఒకప్పుడు మద్రాసు రాజ్యంలో తూర్పుగోదావరి కింద ఉండేది. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం కోసం కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం ఊరు మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. 2016లో అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. కూనవరంలో ఒక ముసలమ్మ గడప దాటకుండా ఇన్ని చోట్ల కాపురం చేసింది. కదిలింది గీత, మనిషి కాదు. కానీ గీత దాటినవాడని ముద్ర మనిషికే పడుతుంది.

జపాన్‌లో ఉన్న కొరియావాళ్ల కథ విన్నప్పుడల్లా నాకు ఈ ముసలమ్మే గుర్తొస్తుంది. 1910లో కొరియాని మింగినప్పుడు వాళ్లందరినీ జపాన్ తన ప్రజలనే అంది. బొగ్గు గనులకూ, ఫ్యాక్టరీలకూ లక్షలమంది వచ్చారు, చాలామందిని తీసుకొచ్చారు. 1952 ఏప్రిల్ 28న శాంతి ఒప్పందం అమల్లోకొచ్చింది. ఆ రోజుతో జపాన్‌లో ఉన్న కొరియన్లు విదేశీయులైపోయారు. జపాన్‌లోనే పుట్టి, జపనీ తప్ప ఇంకో భాష రాని పిల్లలు కూడా పదహారేళ్లొచ్చాక ఆఫీసుకెళ్లి వేలిముద్ర వెయ్యాల్సి వచ్చేది. కొందరు వెయ్యమని మొండికేశారు, కేసులయ్యాయి. శాశ్వత నివాసులకు ఆ వేలిముద్ర 1993లో తీసేశారు.

జపాన్ ఊసు ఎందుకొచ్చిందంటే మా ఖాలా కొడుకు అక్కడున్నాడు. కొత్తగూడెంలో పుట్టి, కంప్యూటర్లు చదివి, అటు పోయినవాడు. దిగి ఇల్లు చూసుకున్న 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో చిరునామా రాయించాలి. జేబులో రెసిడెన్స్ కార్డు పెట్టుకుని తిరగాలి. చెత్త ఏ రోజు ఏది బయట పెట్టాలో చార్టు గోడకు అంటించుకోవాలి. రైల్లో ఫోన్ మాట్లాడకూడదు. గడపలో చెప్పులు విప్పాలి, దీనికి మనవాళ్లకు శిక్షణ అక్కర్లేదు. ఇల్లు వెతికేటప్పుడు ఒక యజమాని విదేశీయులకు ఇవ్వనని మర్యాదగా వంగి మరీ చెప్పాడట. మనవైపు మర్యాద లేకుండా చెప్తారు, అంతే తేడా.

వాడు ఫోన్‌లో అన్న మాట ఒకటి నన్ను వదల్లేదు. "భాయీజాన్, ఇక్కడ రూల్ తెలుసుకుంటే బతకొచ్చు. ఎంత తెలుసుకున్నా వాళ్లలో ఒకణ్ణి కాలేను. కానీ అవ్వమని కూడా ఎవరూ అడగట్లేదు. అదొక హాయి." వాడి హాయిలో కొంత దిగులు కూడా వినపడింది. అయినా అందులో రెండు సంగతులు విడివిడిగా ఉన్నాయి. రూల్ పాటించడం ఒకటి, వాళ్లలా అయిపోవడం ఇంకొకటి. మన దేశంలో ఈ రెండింటినీ కలిపేసి ఒకటే సరుకుగా అమ్ముతున్నారు. 'మాతో కలిసిపోండి' అనే మాటలో చట్టం ఎంత, మీసం ఎంత, టోపీ ఎంత, కూరలో మాంసం ఎంత, ఎవడూ తూచి చెప్పడు. అందుకే ఎంత చెల్లించినా బాకీ మిగిలే ఉంటుంది.

పొరుగుతనం అడిగే హక్కు ఊరికి ఉందని నేను ఒప్పుకుంటాను. ఈ చెరువులో పశువుల్ని కడగొద్దు, ఈ చెట్టు నరకొద్దు, ఈ దారి మూయొద్దు, ఇవి ఎవరికైనా చెప్పొచ్చు. కొత్తగా వచ్చినవాడు ముందు నేర్చుకోవలసినవి ఇవే. కానీ పోలిక అడిగే హక్కు ఊరికి లేదు. పోలిక లేకపోవడం వల్ల ఎవరి నీళ్లూ తగ్గవు, ఎవరి పంటా ఎండదు.

పోలిక ఉన్నా చాలదని కూడా జపానే చూపించింది. 1990లో చట్టం మార్చి, బ్రెజిల్‌లో ఉన్న జపనీ సంతతివాళ్లని ఫ్యాక్టరీ పనులకు రానిచ్చారు. రక్తం ఒకటే కాబట్టి ఇట్టే కలిసిపోతారనుకున్నారు. మొహాలు కలిశాయి, మాటలు కలవలేదు, పాటలు కలవలేదు. 2009లో పనులు పడిపోయినప్పుడు, తిరిగిపోతే పనిచేసేవాడికి మూడు లక్షల యెన్లిస్తాం, అదే వీసా మీద మళ్లీ రాకండి అన్నారు. భద్రాచలం అడవిలో కోయకూ గుత్తికోయకూ మధ్య నడుస్తున్నది ఇలాంటిదే. నెత్తురు దగ్గర, నేల దూరం.

సెక్యులర్ మిత్రులు ఇక్కడ నన్ను ఆపుతారు. 'అడవి సంగతేమిటి? స్థానిక కోయల సంగతేమిటి?' ఇది తప్పించుకోగల ప్రశ్న కాదు. కొత్త పోడు కొట్టినప్పుడల్లా అడవి తగ్గుతుంది. స్థానిక కోయల భయం ఊరికే పుట్టలేదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని 1/70 చట్టం ఉంది. అది ఉండగానే ఎంత భూమి పోయిందో కోయలకు తెలుసు. ఒకసారి పోగొట్టుకున్నవాడు ప్రతి కొత్త మనిషినీ అనుమానంగా చూస్తాడు.

కానీ ఆ భూమి పోయింది ఎవరి చేతుల్లోకి? మైదానాల నుంచి వచ్చినవాళ్ల చేతుల్లోకి. పొగాకు వేసినవాళ్లు, మిర్చి వేసినవాళ్లు, వడ్డీకిచ్చినవాళ్లు. వాళ్లలో ఎంతమంది కోయ భాష నేర్చుకున్నారు? 'మాతో కలిసిపోండి' అని వాళ్లనెవరూ అడగలేదు, ఎందుకంటే వాళ్లు అప్పటికే అడిగేవాళ్లయిపోయారు. ఈ 'కలిసిపోవడం' అనే షరతు ఎప్పుడూ బలహీనుడి దగ్గరే వసూలు చేస్తారని అనుమానం ఉన్నవాళ్లు ఏజెన్సీలో ఒక్క సంత రోజు తిరిగితే చాలు. మిరపకోతకు బస్తర్ కూలీలు ఏటా వస్తారు. వంగిన నడుము ఎత్తకుండా కోసినంతకాలం మంచివాళ్లు. కోత అయ్యాక ఉండిపోతే చొరబాటుదార్లు. జపాన్ 1993లో పెట్టిన ట్రైనీ పద్ధతి కూడా ఇదే. చేతులు రావాలి, భార్యాబిడ్డలు రాకూడదు, గడువు తీరాక మనిషి ఉండకూడదు.

చట్టం ఇంకో గీత గీసింది. అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసీకి పట్టా రావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమి అతని చేతిలో ఉండాలి. జుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తినవాడు తారీకు చూసుకుని పరిగెత్తలేదు. పైగా షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. తెలంగాణలో ఎస్టీ అయిన లంబాడీ మహారాష్ట్రలో ఎస్టీ కాదు, కర్ణాటకలో ఎస్సీ. అలాగే అవతల గిరిజనుడైన మురియా వాగు దాటగానే ఏమీ కాకుండాపోయాడు. ఇక్కడే పుట్టి, ఇక్కడి బళ్లో తెలుగులో చదివిన పిల్లకు కుల ధ్రువపత్రం దగ్గర దారి మూసుకుపోతుంది. 2006లో పుట్టిన పిల్లకి ఇప్పుడు ఓటు వయసు దాటింది. ఆ పిల్ల ఇంకెంత కలిసిపోవాలి?

2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారిని చంపారు. మొక్కల తోటలో పశువుల్ని మేపొద్దన్నందుకు. చేసింది ఇద్దరు గుత్తికోయలు. ఇంటికి రావలసిన మనిషి రాలేదు. అతని భార్యాబిడ్డల ముందు ఏ సిద్ధాంతమూ నిలబడదు, నిలబెట్టకూడదు కూడా. కోర్టు ఆ ఇద్దరికీ 2023లో యావజ్జీవ శిక్ష వేసింది. న్యాయం జరగవలసిన పద్ధతి అది. అయితే కోర్టు తేల్చకముందే, హత్య జరిగిన కొద్ది రోజులకే, గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపెయ్యాలని బెండాలపాడు పంచాయతీ తీర్మానం చేసింది.

ఇది చదివినప్పుడు ముస్లిం పాఠకుడి గుండె ఒక్క క్షణం ఆగాలి. ఎక్కడో ఎవరో చేసినదానికి పొద్దున్నే పేపరు తెరిచి 'యా అల్లా, మనవాడు కాకుండా చూడు' అనుకోవడం మనకు అలవాటే. ఇద్దరి నేరం ఒక జాతి నేరం ఎలా అవుతుందో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అయినా ఆ తీర్మానం గురించి మనలో ఎంతమందిమి మాట్లాడాం? మన గోడ మీద పడ్డ రాయి మాత్రమే రాయి అనుకుంటే, రేపు మనకోసం మాట్లాడమని ఇంకొకరిని అడగడానికి నోరుండదు. గుత్తికోయ నమాజు చదవడు. అందుకే ఇది మనకు పరీక్ష.

మన కథ మొదలైందే వలసతో. 622లో మక్కా నుంచి వెళ్లగొట్టబడినవాళ్లని మదీనావాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్కరిని తోబుట్టువుగా తీసుకున్నారు. సాద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం తీసుకొమ్మని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌తో అంటే, ఆయన వద్దని, బజారు ఎటో చూపించమన్నాడు. వచ్చినవాడు సగం ఆస్తి అడుగుతాడని మనకు భయం. వాళ్లలో చాలామంది అడిగేది బజారుకు దారి. అయితే ఈ కథ చెప్పుకుని మురిసిపోయేవాళ్లు 1947 తర్వాత కరాచీ కూడా చూడాలి. మతం ఒకటే అయినా, ఢిల్లీ నుంచీ లక్నో నుంచీ పోయినవాళ్ల మనవలని కూడా ఇంకా 'ముహాజిర్' అనే అంటున్నారు. ఎంతో గౌరవంగా పుట్టిన మాట అది. అక్కడ అదే ముద్రయింది.

మనిషి ఎక్కడివాడో తేలేది చావు దగ్గర. జపాన్‌లో దాదాపు అందరినీ దహనం చేస్తారు. క్యూషూ దీవిలో బెప్పు ముస్లింలు పక్కనున్న హిజీ అనే ఊళ్లో ఖబరస్తాన్‌కు జాగా అడిగితే, నీళ్లు పాడవుతాయని ఊరు అడ్డుపడింది. అక్కడ పనిచెయ్యొచ్చు, పన్ను కట్టొచ్చు, పడుకోవడానికే చోటు లేదు. ఈ వార్త పంపి మా తమ్ముడు ఇంకేమీ రాయలేదు.

ఇటు గోదావరి ఒడ్డున పోలవరం ముంపు ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. దేవీపట్నం మండలం వాళ్లు ఇప్పటికే కాలనీలకు చేరారు. కూనవరం, వి.ఆర్.పురం వైపు కోయలు, కొండరెడ్లు, చిల్లర కొట్లు పెట్టుకున్న మా సాయిబులు వంతు కోసం చూస్తున్నారు. వాళ్లు వెళ్లబోయే ఊళ్లలో ముందునుంచీ ఉన్నవాళ్లున్నారు. ఆ ఊళ్లలో బోరు నీళ్లు ఎవరివో, ఊరి శ్మశానంలో చోటు ఎవరిదో ఇప్పటినుంచే అడుగుతున్నారు.