అప్పు ముచ్చట బడిలో చెప్పాలా?

బోరబండకు కూలికి వచ్చిన మన కుటుంబాల పిల్లలకు డబ్బు పాఠం చెప్పేటప్పుడు వస్తుమార్పిడి, నాణెం, నోటు, బ్యాంకు అని వరుసగా చెప్పుకుపోతాం. 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాయని రాయిస్తాం.

మన తాతల దగ్గరికి మాత్రం డబ్బు అప్పుగానే వచ్చింది. ఉప్పుకూ బట్టకూ చేసిన బాకీ పెరిగి భూములే పోయాయి. మద్రాసు ఏజెన్సీలో వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదని, మొత్తం వడ్డీ అసలును మించకూడదని 1917లోనే తెల్లదొరలు చట్టం చేయాల్సి వచ్చిందంటే దోపిడీ ఎంతుండాలి!

ఇవి చెబితే పిల్లలు బ్యాంకుకే భయపడతారని తోటి టీచర్లంటారు. కొంత నిజమే. బ్యాంకు లేనిచోటే షావుకారు బలిశాడు. కానీ దాచిపెడితే, ఫోనులో నిమిషంలో అప్పిస్తామనేవాళ్లను వీళ్లు ఏ లెక్కతో కొలవాలి?

అందుకే ఇప్పుడు పాఠం ప్రశ్నతో మొదలుపెడుతున్నాం: వెయ్యి తీసుకుంటే తిరిగి ఎంత కట్టాలి? ఇంట్లో అడిగి రమ్మన్నాం. మర్నాడు ఒక పాప మెల్లగా చెప్పింది, "నాయనకు కూడా తెలీదంట సార్."