దూలాలు మార్చిన పడవ అదేనా?

పాత వాటర్ స్కీ బోటులో ముందుగా చెడేది కంటికి కనిపించే భాగం కాదు. 1980లలో తయారైన చాలా బోట్లలో ఫైబర్‌గ్లాస్ అడుగుకు బలమిచ్చేవి దాని లోపల ముందునుంచి వెనక్కి సాగే చెక్క దూలాలు; పనివాళ్లు వాటిని స్ట్రింగర్లు అంటారు. ఇంజన్‌ను బిగించిన బోల్టుల రంధ్రాల గుండా నీరు ఇంకి, ఏళ్ల తరబడి ఆరక, చెక్క కుళ్లుతుంది. పైపూత అయిన జెల్‌కోటు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. చిన్న సుత్తితో తడితే గట్టి చెక్క ఖంగుమంటుంది, కుళ్లిన చెక్క డొల్లగా పలుకుతుంది. ఇంకా అనుమానముంటే డ్రిల్లుతో సన్నటి రంధ్రం వేస్తారు. నల్లటి తడి పొట్టు వచ్చిందంటే బోటు నేల కోయక తప్పదు.

ఉదాహరణకు జర్మనీలోని వాల్డార్ఫ్‌లో ఈ మరమ్మతు గ్యారేజీలో సాగే పని. ఊరు రైన్ నది ఒడ్డున లేదు. నది పడమరగా పది కిలోమీటర్లు దాటి ఉంటుంది. బోటు ట్రైలర్ మీదే చలికాలం గడుపుతుంది. ఇంజన్ బ్లాకులో నీరు మిగిలితే గడ్డకట్టి ఇనుమునే పగలగొడుతుంది కాబట్టి మంచు పడకముందే నీరంతా దించేస్తారు. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్, గొట్టాలు, సీట్లు, ఒకనాటికి ఇంజన్, చివరికి దూలాలు: మెకానిక్ కూలి ఖరీదైన దేశం కాబట్టి యజమానే ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతాడు. అన్నీ మారాక మిగిలింది ఆ బోటేనా?

చట్టం దగ్గర సులువైన జవాబుంది. అమెరికాలో 1972 నుంచి బోటు వెనుక పలక మీద 12 అక్షరాంకెల సంఖ్య ఉంటుంది. ఐరోపాలో 1998 నుంచి 14. ఆ సంఖ్య ఉన్నదే ఆ బోటు. కాని వెనుక పలకలోని ప్లైవుడ్డూ కుళ్లుతుంది. పలక మారిస్తే సంఖ్య ఎక్కడిది? వాల్డార్ఫ్ ఉద్యోగులకు ఇది కొత్త చిక్కేమీ కాదు. 1977 నుంచి ఆ ఊళ్లో ఉన్న సాఫ్ట్‌వేర్ సంస్థ శాప్ 1992లో ఆర్/3, 2015లో ఎస్/4 హానా అనే వ్యాపార సాఫ్ట్‌వేర్లను తెచ్చింది. లోపలి కట్టడం తరం తరానికీ మారుతున్నా శాప్ అన్న పేరు మాత్రం సాగుతోంది.

ఈ ప్రశ్న పాతదే. గ్రీకు వీరుడు థీసియస్ ఓడ పలకలు మారుస్తూ వచ్చిన ఏథెన్స్ వాసుల సంగతి ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. తీసేసిన పలకలన్నీ ఎవరో దాచి మరో ఓడ కడితే ఏది అసలుదని 1655లో ఆంగ్ల తత్వవేత్త హాబ్స్ ముడి బిగించాడు. మిళింద రాజుకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పిన జవాబు వేరు: చక్రమూ రథం కాదు, ఇరుసూ రథం కాదు, రథమన్నది వాటిని ఆధారం చేసుకున్న వ్యవహారం మాత్రమే. న్యాయ, వైశేషిక దర్శనాలవారు దీనికి ఒప్పుకోరు. అవయవాలకు వేరుగా అవయవి, అంటే మొత్తం వస్తువు, నిజంగానే ఉందంటారు. అయితే ఒక్క దారం తెగినా పాత వస్త్రం నశించి ఖండపటమనే కొత్త వస్త్రం పుడుతుందనీ అంటారు. అదే ఇది అనిపించడం పోలికవల్ల కలిగిన భావనే. మట్టికుండ కాల్చితే పరమాణువుల దాకా విడిపోయి కొత్తది పుడుతుందని వైశేషికులూ, కుండ కుండగానే ఉండి రంగు మారుతుందని నైయాయికులూ వాదించుకున్నారు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహ దీపికలో ఈ రెండు పక్షాలనూ చర్చించాడు.

ఖండపట వాదాన్ని తర్కంతో ఓడించడం కష్టం. దాని ప్రకారం ఏప్రిల్‌లో ఇంపెల్లర్ మార్చినా కొత్త బోటే. కాని రిపేరు చేసేవాడికి అది పనికిరాదు. దూలాలన్నీ ఒకేసారి పెరికితే అడుగు వంగిపోతుంది. అందుకే కింద ఆకారానికి తగ్గ ఆనులు పెట్టి, ఒకటి తీసి ఒకటి వేస్తారు. మిగిలినవి రూపాన్ని పట్టి ఉంచుతాయి. ఇంజన్‌కూ షాఫ్టుకూ మధ్య కప్లింగ్‌లో తేడా అంగుళంలో వెయ్యో వంతులు మూడు మించకూడదు. కాబట్టి పాత ఎత్తులన్నీ ముందే కొలిచి రాసుకుంటారు.

గీతలోని పాతబట్టల పోలిక ఇక్కడ సరిపడదు. కట్టుకునేవాడు బట్టకు వేరు, బోటులో అలాంటివాడు లేడు. దగ్గరగా వచ్చేది ఆలయ ఆగమాల జీర్ణోద్ధరణ విధి. తిరుమలలో పన్నెండేళ్లకోసారి జరిగే బాలాలయ మహాసంప్రోక్షణం కిందటిసారి 2018 ఆగస్టులో జరిగింది. పీఠాన్నీ విగ్రహాన్నీ పట్టి ఉంచే అష్టబంధనం సరిచేయడమే అందులోని పని. మూలవిరాట్టు కదలదు. కళాకర్షణతో దైవశక్తిని కుంభంలోకి ఆవాహన చేసి, పనయ్యేదాకా బాలాలయమనే తాత్కాలిక గుడిలో కొలుస్తారు. మరమ్మతు సమయంలో ‘అదే’ అన్నది ఎక్కడుంటుందన్న ప్రశ్నను దాటవేయకుండా దానికొక చోటు చూపించిన విధి ఇది. బోటుకు దైవత్వం ఆపాదించనక్కర్లేదు. గ్యారేజీలో ఆ చోటు కొలతల కాగితానిది, అడుగున పెట్టిన ఆనులది.

హాబ్స్ ముడికీ ఆగమాలలో జవాబుంది. శిథిలమైన శిలావిగ్రహాన్ని నీటిలో వేయాలి, కొయ్యదాన్ని కాల్చాలి, లోహమైతే కరిగించాలి. పూరీలో మాత్రం మూర్తులను మార్చే నవకళేబరం తర్వాత పాత దారుమూర్తులను కోయిలి వైకుంఠంలో పూడుస్తారు. పాతవాటిని కూర్చి రెండో మూర్తిని నిలబెట్టే అవకాశాన్నే విధి మిగల్చదు. వాల్డార్ఫ్ గ్యారేజీలో కుళ్లిన దూలాల విషయమూ అంతే: వాటిని విడివిడి ముక్కలుగా కోసి తీస్తారు, తీసినవి చేతిలో పొడి అవుతాయి, వాటితో మరో బోటు కట్టడం ఎవరి తరమూ కాదు.